శ్రవణంలో పోయినవాడు

కొల్లేటి నడుమ కొక్కిరాయి లంకలో చేతి గడియారం ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. పెళ్ళి ముహూర్తమైనా, ఏలూరు పడవ బయల్దేరే వేళైనా జనం నా మణికట్టు వైపే చూసేవారు. అందుకు నాకు కాస్త పొగరు కూడా ఉండేది. ఆ పొగరు యాభై నాలుగో సంవత్సరం, భాద్రపద శుద్ధ ద్వాదశి నాడు దిగిపోయింది.

నా పేరు సుందరరావు. యుద్ధం రోజుల్లో తాడేపల్లిగూడెం ఏరోడ్రోములో మిలిటరీ ఆసుపత్రికి స్ట్రెచర్లు మోశాను. గడియారం అక్కడి సార్జెంటు ఒకాయన వెళ్ళిపోతూ ఇచ్చింది. దెబ్బతిని ఊపిరి ఆగిన మనిషికి ఊపిరి ఎలా ఆడించాలో నేర్పింది అక్కడి కెప్టెన్ డాక్టరు. మనిషిని బోర్లా పడుకోబెట్టి, మొహం ఓ పక్కకు తిప్పి, పక్కన మోకాళ్ళ మీద కూర్చోవాలి. వీపు కింది భాగంలో పక్కటెముకల మీద రెండు అరచేతులూ ఆనించి, ఒంటి బరువంతా వేసి ముందుకు వంగాలి. రెండు లెక్కపెట్టి వెనక్కి వదలాలి. నిమిషానికి పన్నెండు సార్లు. "డాక్టరు వచ్చేదాకా ఆపకూడదు. పోయాడని చెప్పడం డాక్టరు పని, స్ట్రెచరు మోసేవాడిది కాదు" అనేవాడు ఆయన. డాక్టరు రాకపోతేనో అని నేనడిగితే, పిచ్చి ప్రశ్న వేసినట్టు నవ్వాడు. ఏరోడ్రోములో డాక్టరు జీపెక్కి మూడు నిమిషాల్లో వచ్చేవాడు మరి.

తర్వాత మిషన్ వాళ్ళు నన్ను లంకలోని డిస్పెన్సరీకి డ్రెస్సరుగా పంపారు. పుళ్ళు కడగడం, కట్లు కట్టడం, చలిజ్వరానికి క్వినైను ఇవ్వడం నా పని. డాక్టరు ఏలూరులో ఉండేవాడు. కొల్లేరు నిండుగా ఉన్న రోజుల్లో పడవ వెళ్ళి ఆయన్ని తీసుకొచ్చేసరికి మర్నాడయ్యేది.

ఆ ద్వాదశి నాడు మధ్యాహ్నం మబ్బు నల్లగా కమ్మింది. ముత్యాలరాజు వలలు ఎత్తుకుని దోనె మీద తిరిగి వస్తున్నాడు. రేవుకి ఇరవై బారల దూరంలో ఉండగా పిడుగు పడింది. నేను డిస్పెన్సరీ అరుగు మీద ఉన్నాను. చెదిరిన కళ్ళు తెరిచి చూసేసరికి, నిలబడి గెడ వేస్తున్న మనిషి కనిపించలేదు. గడియారం చూశాను. ఎందుకు చూశానంటే చెప్పలేను, అలవాటు. మూడూ ఇరవై.

చిన్నరాజు ఈదుకుంటూ వెళ్ళి దోనెను లాక్కొచ్చాడు. ఇతను ఊరి పెద్ద కనకరాజు గారి కొడుకు, ముత్యాలరాజు ఈడువాడే. ముత్యాలరాజు దోనె అడుగున పడి ఉన్నాడు. భుజం నుంచి నడుం దాకా చర్మం కమిలిపోయింది. ఊపిరి లేదు. మణికట్టు దగ్గర నాడి అందీ అందనట్టుంది. అది అతని నాడో, నా వేళ్ళలో అదురో తెలియలేదు. ఇంతలో వాన కుండపోతగా అందుకుంది. రేవుకు దగ్గరి ఇల్లు ముత్యాలరాజుదే కాబట్టి అందరం కలిసి ఆ ఇంట్లోకే మోశాం. మామూలు రోజుల్లో మిషన్ మనిషినని నన్ను ఆ ఇంటి అరుగు దాటనిచ్చేవారు కాదు. ఆ రోజు ఎవరికీ అది గుర్తు రాలేదు.

ఆ ఇంటి గురించి చెప్పాలి. కిందటేటి వరదలో పాత ఇల్లు కూలిపోతే, ముత్యాలరాజూ అతని భార్య రత్నమూ ఏడాదంతా మట్టి మోసి, మనిషి నడుమెత్తు మెరక వేసి, దాని మీద కట్టుకున్న ఇల్లు. లంకంతా చీలమండల లోతు నీళ్ళలో ఉన్నా ఆ గుమ్మం పొడిగా ఉండేది. ఇద్దరు చంటిపిల్లలు, ముసలి తల్లి వెంకాయమ్మ. వాళ్ళందరికీ ఉన్న ఆధారం ఆ మెరకే.

నొక్కడం మొదలుపెట్టాను. డాక్టరు కోసం పడవ ఏలూరు బయల్దేరింది. నేను అలిసినప్పుడు అందుకోవడానికి చిన్నరాజుకి పద్ధతి చూపించాను. రత్నం భర్త తల దగ్గర కూర్చుని అతని చెయ్యి పట్టుకుంది. నొక్కితే గాలి బయటికి పోతోంది, వదిలితే లోపలికి వస్తోంది. మేం చేస్తేనే వస్తోంది. మూడున్నర అయింది, మూడూముప్పావు అయింది, నాలుగైంది.

నాలుగు దాటాక కనకరాజు గారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. డెబ్బై ఏళ్ళ మనిషి, ఎప్పుడూ గొంతు పెంచరు. చేతిలో పంచాంగం ఉంది.

"డ్రెస్సరు గారూ, టైమెంతయిందండీ?"

"నాలుగూ ఐదండీ."

"నాలుగుంబావు దాకా శ్రవణం ఉందండీ. ఆ పైన ధనిష్ఠ వచ్చేస్తుంది."

నాకు అర్థమైంది. ధనిష్ఠ మొదలుకొని ఐదు నక్షత్రాల్లో ఇంట్లో ఎవరైనా పోతే ఆ ఇల్లు పాడుపెట్టాలి. ధనిష్ఠకైతే ఆరు నెలలు. తలుపు మూసి, అడ్డంగా ముళ్ళకంప వేసి, లోపల దీపం కూడా పెట్టకుండా వదిలెయ్యాలి. ఆ ఇంటివాళ్ళని చేరదియ్యడానికి పక్కవాళ్ళు కూడా జంకుతారు.

"ఇతను పోయాడని ఎవరన్నారండీ?" అన్నాను విసురుగా. చేతులు మాత్రం ఆపలేదు.

"నేనూ అనట్లేదండీ. పోయుంటే మటుకు ఇప్పుడే చెప్పెయ్యండి. ఇంకా ఉన్నాడంటారా, బయటికన్నా తీసుకెళదాం."

"ఈ వానలోకా? మోసేటప్పుడు ఎవరు నొక్కుతారండీ?"

వెంకాయమ్మ నా పక్కన కూలబడింది. "ఆపెయ్యండి బాబూ. నా తండ్రిని మంచి నక్షత్రంలో పోనివ్వండి. ఈ పసిగుడ్డుల్ని ఈ నీళ్ళలో ఎక్కడ పెట్టుకోమంటారండీ?"

కన్నతల్లే అంటోంది. నాకు భయం వేసింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను. ఆపితే, బతికే మనిషిని నా చేతులతో చంపినవాణ్ణవుతాను. ఆపకపోతే, అతను ఇదివరకే పోయి ఉంటే, ఇద్దరు చంటిపిల్లల్ని వరదలోకి తోసినవాణ్ణవుతాను. డాక్టరు వచ్చేదాకా అని చెప్పిన కెప్టెన్ మీద పిచ్చికోపం వచ్చింది. ఆయనకేం తెలుసు కొల్లేరు, ఆయనకేం తెలుసు ధనిష్ఠ! ముందుకు వంగిన ప్రతిసారీ గడియారం నా కళ్ళ ముందుకే వస్తోంది. నాలుగూ పది. పన్నెండు. పద్నాలుగు. గుమ్మంలో ఉన్నవాళ్ళందరూ నా నోటి వైపు చూస్తున్నారు.

అప్పుడు రత్నం మాట్లాడింది. అత్తగారి వైపు చూడలేదు.

"ఇల్లు పోతే పోనివ్వండి. మీరు ఆపకండి డ్రెస్సరు గారూ."

నాలుగుంబావు దాటింది. కనకరాజు గారు పంచాంగం మూసి కండువాలో చుట్టుకున్నారు.

నాలుగున్నరకి నేను చేతులు తీసి చిన్నరాజుకి చోటివ్వబోతున్నాను. అతను పక్కకు తిరిగి చెమట చేతులు తుడుచుకుంటున్నాడు. ఆ రెండు క్షణాల్లో, ఎవరూ నొక్కకుండానే, ముత్యాలరాజు వీపు పైకి లేచింది. గొంతులో చిన్న గురక లాంటిది వినిపించింది. లేచిన వీపు మెల్లగా దిగింది. మిగతావాళ్ళు గుమ్మం బయట వాన వైపు చూస్తున్నారు. చూసింది నేనూ రత్నమూ. ఆమె నా కళ్ళలోకి చూసింది. నా జన్మలో అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. గట్టిగా అరిచి అందరికీ చెబుదామనుకుని, రెండో ఊపిరి కూడా రానిద్దామని ఆగాను.

రెండోది రాలేదు. నేనే ఆత్రంగా మళ్ళీ నొక్కడం మొదలుపెట్టాను. ఐదైంది, ఐదున్నరైంది. రెప్ప ఎత్తి దీపం దగ్గరికి తెస్తే నల్లగుడ్డు కదల్లేదు. కంటి మీద తడి ఆరిపోయి మసక కమ్మింది. పొట్ట వైపు చర్మం నల్లబడుతోంది. ఇవన్నీ డాక్టరు చూసి చెప్పాల్సిన గుర్తులు. చూస్తున్నవాణ్ణి నేను. ఐదూ నలభైకి ఆపాను. ఎప్పుడు ఆపానో చెప్పగలను. ఐదు నిమిషాల ముందు ఎందుకు ఆపలేదో, ఇంకో ఐదు నిమిషాలు ఎందుకు నొక్కలేదో అడిగితే ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

రత్నం భర్త చెయ్యి నేల మీద పెట్టి, తల ఎత్తి ఇంటి దూలాల వైపు ఓసారి చూసింది. చంటిపిల్ల లేచి ఏడుస్తుంటే ఒళ్ళోకి తీసుకుంది.

"టైమెంతండీ?" అన్నారు కనకరాజు గారు. అందరూ నా మణికట్టు వైపు చూశారు.

"మూడూ ఇరవై" అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. బయట సందెచీకటి పడుతోంది.

"పిడుగు పడ్డప్పుడే పోయాడండీ. అప్పుడు మూడూ ఇరవై. శ్రవణంలోనే పోయాడు. తర్వాత నేను చేసిందంతా ఉత్త పిచ్చిపని. ప్రాణం లేదని తెలుసుకోలేకపోయాను."

రత్నం గబుక్కున తలెత్తింది. నేను ఆమె వైపు చూడలేదు. వెంకాయమ్మ రెండు చేతులతో నా వీపు మీద బాదింది. "అయితే నా బిడ్డ ఒంటిని ఇంతసేపు ఎందుకు నలిపావురా?" ఆమె బాదినంతసేపూ తల వంచుకుని కూర్చున్నాను.

మర్నాడు డాక్టరు వచ్చాడు. ఆయనకి మాత్రం చాటుగా నిజం చెప్పి, ఇంకాసేపు నొక్కి ఉంటే బతికేవాడేమోనండీ అనడిగాను. ఆయన చేతులు తుడుచుకుంటూ, "నేనున్నా చెప్పలేకపోయేవాణ్ణి సుందరరావ్" అన్నాడు. ఆ మాటతో నాకు నిమ్మళించలేదు సరికదా, ఉన్న నిద్ర కూడా పోయింది.

లంకలో నాకు శవాల డ్రెస్సరు అని పేరొచ్చింది. చచ్చినవాణ్ణీ బతికున్నవాణ్ణీ పోల్చుకోలేని మనిషి పుండుకి మందేం వేస్తాడని, కట్లు కట్టించుకోవడానికి కూడా కైకలూరు పోయేవారు. నేను నొక్కడం వల్లే ముత్యాలరాజు ప్రాణం దారి దొరక్క రేవులో తిరుగుతోందని మరో పుకారు. టైమడిగేవాళ్ళు కూడా తగ్గిపోయారు. నాకు అసలే ముక్కు మీద కోపం. ఎన్నోసార్లు నిజం నాలుక చివరిదాకా వచ్చింది. సాయంత్రం పూట ఆ మెరక మీది ఇంట్లో దీపం కనిపించేది, నోరు మూసుకునేవాణ్ణి. నా భార్య లిడియా మటుకు, "చెప్పిన అబద్ధాన్ని మోసే ఓపిక ఉంటేనే అబద్ధం చెప్పాలండీ" అని నా కంచంలో అన్నం వడ్డించేది.

మూడు నెలలు గడిచాయి. మార్గశిరంలో ఓ ఉదయం గాలి ఉన్నట్టుండి మళ్ళింది. ధాన్యం బస్తాలు వేసుకుని వస్తున్న పడవ మీద తెరచాప కొయ్య విరిగి చిన్నరాజు తల మీద పడింది. నీళ్ళలో పడ్డవాడు తేలలేదు. నాచులోంచి వెతికి బయటికి లాగేసరికి నాలుగైదు నిమిషాలు పట్టింది. నేను రేవుకి పరుగెత్తాను. నుదురు చిట్లి నెత్తురు కారుతోంది. ఊపిరి లేదు. కాని నాడి ఉంది. ఈసారి సందేహం లేదు, ఉంది!

బోర్లా తిప్పబోతే ఇద్దరు మనుషులు నా జబ్బలు పట్టుకుని వెనక్కి లాగారు. ఎదర లంకలో కుమ్మరి సారె ఉంది, నీళ్ళలో మునిగినవాణ్ణి దాని మీద వేసి తిప్పితే నీళ్ళు కక్కుతాడని అక్కడి నమ్మకం. అక్కడికి తీసుకెళ్ళడానికి దోనె సిద్ధం చేస్తున్నారు.

"అరగంట పడుతుందండీ అక్కడికి! మీరు చేరేసరికి ఏమీ మిగలదు. నాడి ఆడుతోంది, నన్ను వదలండి" అని అరిచాను.

కనకరాజు గారు నాకు చేతులు జోడించారు. కొడుకు ఆ స్థితిలో ఉన్నా ఆయన గొంతు పెరగలేదు. "మీరు ముట్టుకోకండి డ్రెస్సరు గారూ. దణ్ణం పెడతాను. ముత్యాలరాజుకి చేసింది చాలు. వీణ్ణన్నా దారిన పోనివ్వండి."

నాకు ఏడుపొచ్చింది. ముత్యాలరాజు ఊపిరి పీల్చాడు, నా చేతులకి ఆ విద్య వచ్చు అని ఒక్క మాట అంటే వదులుతారు. ఆ మాట అంటే రత్నం ఇల్లు పోతుంది. ఆమె ఇల్లు ఖర్చుపెట్టి నా మాట నెగ్గించుకునే హక్కు నాకెక్కడిది? చిన్నరాజు పెదవులు నీలంగా మారుతున్నాయి. అతన్ని దోనె వైపు ఎత్తుతున్నారు.

"ఆగండి."

ఆడవాళ్ళ గుంపులోంచి రత్నం ముందుకొచ్చింది. చంకలో పిల్లతో కనకరాజు గారికి ఎదురుగా నిలబడింది.

"మావయ్యగారూ, మా ఆయన శ్రవణంలో పోలేదండీ. మీరు పంచాంగం మూసేశాక ఊపిరి పీల్చారు. ఎవరూ నొక్కకుండానే పీల్చారు. మా ఇంట్లోనే. నేను నా కళ్ళతో చూశాను. ఈయన మా కోసం అబద్ధం చెప్పారు."

కనకరాజు గారు నా వైపు తిరిగారు. "మూడూ ఇరవై అన్నారు కదండీ?"

"అబద్ధమండీ" అన్నాను. "ఐదూ నలభైకి ఆపాను."

ఆయన ముఖంలో నెత్తురు లేదు. అవతల దోనె కేసి చూశారు, కొడుకు కేసి చూశారు. "దింపండి వాణ్ణి" అన్నారు.

చిన్నరాజుని గట్టు మీద బోర్లా వేసి, నోట్లోంచి నాచు తీసి, నొక్కడం మొదలుపెట్టాను. నోట్లోంచి నీళ్ళు వచ్చాయి. ఇంకేమీ రాలేదు. ఇతను కూడా పోతే నాతోపాటు రత్నం కూడా ఊరికి అబద్ధాలకోరే అవుతుంది, ఇల్లూ పోతుంది, మనిషీ దక్కడు. ఎన్నిసార్లు నొక్కానో లెక్క తప్పిపోయింది. గడియారం చూడాలంటే భయం వేసింది. చూడలేదు.

ఒకసారి చేతులు వెనక్కి తీసినప్పుడు వీపు నాకంటే ముందు లేచింది. దిగింది. మళ్ళీ లేచింది. రెండోది కూడా వచ్చింది! చిన్నరాజు దగ్గి, కక్కి, పసిపిల్లాడిలా మూలిగాడు. కనకరాజు గారు బురదలో చతికిలబడి కొడుకు పాదాలు పట్టుకున్నారు. నేను పక్కకు వెళ్ళి గట్టు మీద తల ఆనించి ఏడ్చాను, ఎవరు చూసినా సరే అని.

మర్నాడు పొద్దున్నే కనకరాజు గారు పంచాంగం పట్టుకుని రత్నం ఇంటికి వచ్చారు. గుమ్మం బయటే నిలబడ్డారు. చివరికి అన్నారు. "పోయిన రోజు నుంచి ఆరు నెలలమ్మా. మూడు గడిచాయి. ఇంకో మూడు. నేనేం చెయ్యలేను తల్లీ, ఊరి మీదకొస్తుంది. మా ఇంటికి వచ్చెయ్యండి అందరూ."

"మీ ఇంటికి కీడు వద్దండీ. డ్రెస్సరు గారి అరుగు చాలు" అంది రత్నం.

నేనూ లిడియా వెళ్ళేసరికి సామాను బయట ఉంది. వెంకాయమ్మ నా ముఖం చూడలేక చంటివాణ్ణి లిడియా చేతికి అందించింది. రత్నం తానే తలుపు మూసి, తానే ముళ్ళకంప లాగి అడ్డంగా పెట్టింది. వేలికి ముల్లు గుచ్చుకుంటే నోట్లో పెట్టుకుంది. కనకరాజు గారు నీళ్ళ కాగు నెత్తికెత్తుకుని ముందు నడిచారు. ఊరి పెద్ద కాగు మొయ్యడం లంకలో అంతకుముందు ఎవరూ చూడలేదు.

దారిలో రత్నం నా పక్కకు వచ్చింది. "చిన్నరాజు బావకి ఊపిరి రాకపోతే, నిన్న ఎంతసేపు నొక్కేవారండీ?"

"తెలీదమ్మా."

"ఆయనకి ఆ రోజు ఇంకాసేపు నొక్కి ఉంటేనో?"

ఈ ప్రశ్న కోసమే మూడు నెలలుగా ఆమె ఎదురుపడకుండా తప్పించుకు తిరిగాను. ఆమెకి ఇంకో అబద్ధం చెప్పలేకపోయాను. "అదీ తెలీదమ్మా. డాక్టరుకీ తెలీదన్నాడు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. తర్వాత చెయ్యి చాపింది.

"ఆ గడియారం నాకివ్వండి. ఈసారి ఎవరికన్నా అలా అయితే నేను పక్కన కూర్చుని టైము చూస్తాను. మీరు నొక్కండి. ఎప్పుడాపాలో ఇద్దరం కలిసి చెబుదాం."

పదేళ్ళుగా చేతికి ఉన్న గడియారం. కింద చర్మం తెల్లగా అచ్చు పడిపోయింది. విప్పి ఆమె చేతికి ఇచ్చాను.